గుడ్ ఫ్రైడే ధ్యానానికి బొమ్మే లేని బొమ్మ పనికొస్తుందా?

లెక్కల టీచర్

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతూ ఉంటాను గానీ రాయడం తక్కువ. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి సూటిగా అడగడమే అలవాటు. ఈసారి మాత్రం కాస్త చుట్టు తిరగాల్సి వస్తోంది, ఓపిక పట్టండి.

మా ప్రార్థన గుంపులో తొమ్మిది మందిమి. శ్రమల వారంలో గురు, శుక్ర, శనివారాలు మూడు సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుంటాం. ధ్యానం నడిపే బాధ్యత నాది. ఎప్పుడూ ఒకటే పద్ధతి. గోడకి ఒక సిలువ చిత్రం తగిలిస్తాం, వాక్యం చదువుతాం, పావుగంట మౌనంగా ఉంటాం, తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. నిజం చెప్పాలంటే గత రెండు మూడేళ్లుగా ఆ పావుగంటలో నాలో ఏమీ కదలడం లేదు. ముళ్ల కిరీటం ఉంది, రక్తం ఉంది, కింద ఏడుస్తున్న తల్లి ఉంది. ఏళ్ల తరబడి చెప్పిన లెక్కే మళ్లీ బోర్డు మీద కనిపించినట్టు ఉంటుంది. చివరి మెట్టు ఏమిటో ముందే తెలుసు.

ఈసారి గుంపులో అందరికన్నా చిన్నమ్మాయి, బార్నెట్ న్యూమన్ అనే అమెరికన్ చిత్రకారుడు వేసిన సిలువ మార్గం చిత్రాలు పెడదామంది. సిలువ మార్గం అంటే యేసుకి శిక్ష పడినప్పటినుంచి సమాధి చేసేదాకా 14 ఘట్టాలు. ఫోన్‌లో చూపించింది. మొత్తం 14. ఒక్కదాంట్లోనూ యేసు లేడు, సిలువ లేదు, అసలు మనిషే లేడు. అన్నీ నిలువు గీతలు. నలుపు, తెలుపు, మిగతాది రంగు వేయని గుడ్డ. "రూళ్లకర్ర ఇస్తే ఇవి నేనూ గీస్తానమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల ఒక్కతీ నవ్వలేదు, ఫోన్ తీసి బ్యాగులో పెట్టేసుకుంది.

రాత్రి నిద్ర పట్టక నేనే వెతికి మళ్లీ చూశాను. ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోతే చివరిది దాదాపు మొత్తం తెలుపే. ఫోన్ బ్రైట్‌నెస్ దానంతటదే పెరిగిందేమో అనుకున్నాను. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఎందుకో చెప్పలేను.

ఇక అడగాల్సింది అడుగుతాను. ఏం ఆలోచించాలో చెప్పని చిత్రం ముందు కూర్చుంటే అది ధ్యానమా, మనకి మనం కథలు చెప్పుకోవడమా? పైగా ఆయన యూదుడట. క్రీస్తును నమ్మని మనిషి గీసిన గీతల్లో మేం క్రీస్తును వెతకొచ్చా? గుంపులో పెద్దవాళ్లున్నారు. ఇదేం చోద్యం అని వాళ్లకి అనిపిస్తే మూడు సాయంత్రాలూ పాడైపోతాయని టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చేసి చూసినవాళ్లుంటే చెప్పండి.

సూటిమాట

మేడమ్, మీకు మొదట వచ్చిన నవ్వే కరెక్ట్. వాక్యం ఉంది, అది చాలు. గీతలు చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు కిటికీ ఊచలు చూసి కూడా పెట్టుకుంటారు.

బ్రష్ బాబాయ్

కిటికీ ఊచలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు లోకంలో తక్కువేం లేరు తమ్ముడూ. సరే, అది వదిలేద్దాం.

టీచర్ గారూ, నేను చదువుకున్న ఆర్టిస్టుని కాదు. 26 ఏళ్లు బోర్డులు రాశాను. కాబట్టి ఆయన గీతల గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను, ఎందుకంటే అవి మాస్కింగ్ టేప్‌తో చేసిన పని.

మా పనిలో టేప్ ఎందుకు వాడతామంటే, అంచు కత్తితో కోసినట్టు రావాలని. టేప్ అంటించి, పక్కన రంగు వేసి, పూర్తిగా ఆరకముందే లాగేస్తాం. టేప్ సరిగా అంటకపోతే రంగు దాని కిందికి పాకుతుంది. పని ఇచ్చిన పార్టీ చూడకముందే సన్న బ్రష్‌తో దాన్ని సర్దేస్తాం. ఇప్పుడు న్యూమన్ మొదటి చిత్రం, 1958లో వేసింది, పెద్ద ఫొటోగా తీసి చూడండి. ఎడమవైపు పట్టీ నిండుగా, తిన్నగా, నల్లగా ఉంటుంది. ఎవరైనా వేయగలరు, మీరన్నది నిజమే. కుడివైపుకి రండి. అక్కడ ఆయన టేప్ నిలువుగా అంటించి, దాని మీదుగా అటూ ఇటూ ఎండు బ్రష్‌తో నలుపు రుద్దేశాడు. తర్వాత టేప్ పీకేశాడు. టేప్ ఉన్నంత మేరా వట్టి గుడ్డ. దానికి రెండువైపులా ఈకల్లా చెదిరిన నలుపు. అంటే మనకి గీతలా కనిపిస్తున్నది ఆయన గీసింది కాదు. అక్కడ ఏదో ఉండేది, దాన్ని తీసేశారు, ఆ చోటు మిగిలింది. ఇన్నేళ్లు టేపులు పీకి చెత్తబుట్టలో పడేసినవాణ్ణి, నాకెప్పుడూ ఆ ఆలోచన రాలేదు.

ఆయనకి 1957లో గుండెపోటు వచ్చింది. కోలుకున్నాక మొదలుపెట్టిన చిత్రాలివి. మొదట్లో ఇది సిలువ మార్గం అని ఆయనకే తెలియదు. నాలుగోది వేసేనాటికి అర్థమైంది. మొత్తం పూర్తయ్యేసరికి 1966 వచ్చింది. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో పెడితే అప్పుడూ మీలాగే నవ్వినవాళ్లున్నారు, దాని గురించి బాధపడకండి. ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. మధ్యలో కొన్నింట్లో నలుపు పూర్తిగా పోయి తెలుపు వస్తుంది. ఇక వెలుగు వచ్చేసింది అనుకుంటాం, అంతలో పన్నెండు, పదమూడు మళ్లీ నలుపులో మునుగుతాయి. మీరు ఫోన్‌లో చూసి ఆగిపోయిన తెల్లది ఆ రెండింటి తర్వాత వచ్చేది.

యూదుడు కదా అన్నారు. ఆ వరసకి ఆయన పెట్టుకున్న రెండో పేరు 'లెమా సబక్తానీ', సిలువ మీద యేసు వేసిన కేక. ఇవి 14 సంఘటనలు కావు, మొదటినుంచి చివరిదాకా ఆ ఒక్క కేకే అన్నాడు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నది 22వ కీర్తన మొదటి మాట. సిలువ మీద యేసు తన సొంత జనం ప్రార్థన పుస్తకంలో మాటే అరిచాడు. ఆ మాటని ఇంకో యూదుడు అందుకుంటే మనం బయటివాడు అనడం ఏం న్యాయం?

ఇప్పుడు నా సంగతి. మా తమ్ముడు చనిపోయిన ఏడాది గుడ్ ఫ్రైడేకి నేను ఏ చిత్రం ముందూ కూర్చోలేకపోయాను. సిలువ మీద ఆ ముఖం ఎంత బాగా వేస్తే అంత చిరాకు వచ్చేది. నేను ఏడవాల్సింది అదే ఏడ్చేస్తోంది. చూసి జాలిపడి ఇంటికి రావడం తప్ప నాకు పని లేదు. న్యూమన్ దాంట్లో జాలిపడటానికి ఎవరూ లేరు. 'ఎందుకు' అన్నది గోడ మీద నుంచి దిగి నా దగ్గరికే వస్తుంది. మనకి మనం కథలు చెప్పుకోవడమా అని అడిగారు కదా, నాకైతే అక్కడ చెప్పుకోవడానికి కథే దొరకలేదు.

చేసే పద్ధతి అడిగారు. ఫోన్‌లో వద్దు, ఫోన్‌లో అది బార్‌కోడ్‌లా ఉంటుంది. ఒక్కో చిత్రం సుమారు 198 సెంటీమీటర్ల ఎత్తు, 152 వెడల్పు. మనిషి చేతులు కాస్త చాచి నిలబడితే పట్టేంత. ఆయన కావాలనే ఆ కొలత పెట్టుకున్నాడో లేదో గానీ, ఆ సైజు లేకపోతే ఆ చిత్రం లేదు. అంత పెద్ద ప్రింటు ఎక్కడ తెస్తారు? ఒక పని చేయండి. ఆ కొలతకి గోడ మీద మాస్కింగ్ టేప్‌తో చతురస్రం కట్టండి. లోపల ఏమీ పెట్టకండి. దాని ముందు కూర్చోండి.

వాక్యప్రియ

చతురస్రం కాదు బాబాయ్ గారూ, దీర్ఘచతురస్రం. లెక్కల టీచర్ గారు ఊరుకున్నా నేను ఊరుకోను.

తమ్ముడి గురించి చదివి మనసు బరువెక్కింది. అయినా ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. ప్రభువు బొమ్మ వేయొచ్చా అని ఒకప్పుడు సంఘం చీలిపోయేంత గొడవ జరిగింది. చిత్రపటాలు పగలగొట్టారు. 787లో నైసియా అనే ఊళ్లో సంఘ పెద్దలు రెండోసారి సభ పెట్టి వేయొచ్చు అని తేల్చారు. వేయొచ్చు అన్నవాళ్ల వాదన చాలా సింపుల్. దేవుడు కనిపించని రోజుల్లో ఆయనకి రూపం కట్టకూడదన్నారు, సరే. కానీ "ఆ వాక్యము శరీరధారియై" మన మధ్య నివసించాక ఆయన ముఖం వేయకపోతే, ఆయన నిజంగా శరీరంతో రాలేదన్నట్టే అవుతుంది.

వాక్యం శరీరం అయింది, గీత కాలేదు. మేకు దిగింది చేతిలో. శుక్రవారం నాడు ఆ చెయ్యి తీసేసి నలుపూ తెలుపూ పెడితే బాధ అనేది ఒక తత్వం అయిపోతుంది. శుభ్రంగా ఉంటుంది, వాసన రాదు. గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు వేసిన సిలువ చిత్రం చూడండి. 1512 నుంచి 1516 మధ్య ఇసెన్‌హైమ్ మఠం కోసం వేసింది, ఇప్పుడు ఫ్రాన్స్‌లో కోల్‌మార్ మ్యూజియంలో ఉంది. ఆ మఠంలో సన్యాసులు చర్మం కుళ్లిపోయే జబ్బు ఉన్నవాళ్లకి సేవ చేసేవాళ్లు. అందుకే క్రీస్తు ఒళ్లంతా పుండ్లు. వేళ్లు మేకు చుట్టూ కొంకర్లు పోయి పైకి లేచి ఉంటాయి. ఆ రోగులు దాన్ని చూసి ఈయన నాలాగే ఉన్నాడు అనుకుని ఉంటారు. ఒక దీర్ఘచతురస్రం చూసి ఏ రోగి అలా అనుకుంటాడు?

అర్ధరాత్రి పాఠకుడు

ఇద్దరి మాటా నాకు సగం సగం నచ్చింది, కాబట్టి వాదనలోకి వెళ్లను. చూసినవి రెండు చెప్తాను.

అమెరికాలో హ్యూస్టన్‌లో రోత్కో చాపెల్ అనే చిన్న ప్రార్థనా మందిరం ఉంది. ఎనిమిది మూలల గది, 14 పెద్ద చిత్రాలు. అవి వేసిన మార్క్ రోత్కో 1970లో ప్రాణం తీసుకున్నాడు, మరుసటి ఏడు దాన్ని తెరిచారు. లోపలికి వెళ్లగానే అన్నీ నల్లగా ఒకేలా కనిపించి, ఇంత దూరం ఇందుకా వచ్చింది అనిపించింది. బెంచీ మీద కూర్చుని టైమ్ చూసుకున్నాను కూడా. పదిహేను నిమిషాలకి కాబోలు, నలుపు నలుపు కాదని తెలిసింది. కొన్ని వంగపండు రంగు, కొన్ని ఎండిన రక్తం లాంటి గోధుమ. పైకప్పు నుంచి వచ్చే పగటి వెలుగు మబ్బు పట్టినప్పుడల్లా అవి వెనక్కి పోతున్నాయి, ఎండ రాగానే ముందుకొస్తున్నాయి. మహా శాంతి దొరుకుతుందని చెప్పేవాళ్లున్నారు. నాకు దొరకలేదు. తలుపు మూసిన సమాధి ముందు కూర్చున్నట్టుంది. అది అన్ని మతాలవాళ్లూ వచ్చే చోటు, ఈస్టర్ కోసం కట్టింది కాదు. కానీ శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య శిష్యులు ఏం చేశారు అని నేను జీవితంలో మొదటిసారి ఆలోచించింది ఆ బెంచీ మీదే.

రెండోది జర్మనీలో కొలోన్ కేథడ్రల్. యుద్ధంలో పోయిన ఒక పెద్ద కిటికీ స్థానంలో గెర్హార్డ్ రిక్టర్ అనే చిత్రకారుడు 2007లో కొత్తది చేశాడు. 72 రంగుల్లో 11,000కు పైగా గాజు చదరాలు. ఏ రంగు ఎక్కడ రావాలో చాలావరకు కంప్యూటర్ లాటరీలా తీసింది. అప్పటి అక్కడి కార్డినల్‌కి, అంటే క్యాథలిక్ పెద్దకి, అస్సలు నచ్చలేదు, ఇది మసీదులోనో మరో ప్రార్థనా మందిరంలోనో ఉండాల్సింది అన్నట్టు మాట్లాడాడు. పరిశుద్ధుల బొమ్మలు ఆశించినవాడికి అలా అనిపించడం సహజమే. నేనూ కిటికీ చూసి పెద్దగా ఏమీ అనుకోలేదు. అయితే ఎండ వచ్చినప్పుడు ఆ రంగులు నేల మీద పడ్డాయి. ఎవరో ముసలావిడ వాటి మీదుగా నడుచుకుంటూ పోయింది. ఆమె తెల్ల జుట్టు ఎర్రగా, తర్వాత ఆకుపచ్చగా, తర్వాత మళ్లీ తెల్లగా అయింది. ఆమెకి తెలియను కూడా తెలియదు.

బ్రష్ బాబాయ్

దీర్ఘచతురస్రం. ఒప్పుకున్నాను.

వాక్యప్రియ గారూ, మీ మాట రెండు రోజులు నా బుర్రలో తిరిగింది. శుక్రవారం విషయంలో మీదే రైటు. నా దుఃఖానికి నప్పింది అందరికీ నప్పాలని లేదు. జబ్బుపడ్డవాడికి పుండ్లున్న దేవుడు కావాలి. టీచర్ గారూ, శుక్రవారం ఆ గ్రూనెవాల్డ్ చిత్రమే పెట్టండి.

కానీ మీరు చెప్పిన ఆ చిత్రం గురించి వెతుకుతుంటే ఒకటి దొరికింది, అది మీకే చెప్పాలి. అది ఒక్క చిత్రం కాదట కదా. తలుపుల్లా తెరిచే పలకలు. సిలువ చిత్రం మూసినప్పుడు కనిపించేది. దాన్ని తెరిస్తే లోపల కుడివైపు పునరుత్థానం. అదే చెయ్యి, అదే మనిషి వేసింది. క్రీస్తు పైకి లేస్తున్నాడు, తల వెనక పెద్ద గుండ్రటి వెలుగు. మధ్యలో పసుపు, దాని చుట్టూ ఎరుపు, అంచున నీలం. ఇప్పుడు ముఖం చూడండి. పసుపులోకి కరిగిపోయింది. జుట్టు ఎక్కడ ఆగుతుందో, వెలుగు ఎక్కడ మొదలవుతుందో అంచు దొరకదు. టేపు వేసి ఆపలేని అంచు అది. శుక్రవారం ఒక్కో పుండూ విడివిడిగా వేసినవాడు ఆదివారం దగ్గరికొచ్చేసరికి ముఖాన్ని రంగులోకి వదిలేశాడు. 500 ఏళ్ల కిందట, అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్, అంటే రూపం లేని బొమ్మ, అనే మాట ఎవరికీ లేనప్పుడు.

ఎందుకు వదిలేశాడా అని సువార్తలు నాలుగూ మళ్లీ చదివాను. సిలువ వేసింది గంటలతో సహా ఉంది. ఎవరు ఏమన్నారో, పులిసిన ద్రాక్షారసం దేంతో అందించారో కూడా ఉంది. లేచిన క్షణం మాత్రం ఒక్కరూ రాయలేదు. ఎవరూ చూడలేదు. రాయి తీసేసి ఉంది. నారబట్టలు పడి ఉన్నాయి, తల రుమాలు వేరే చోట చుట్టిపెట్టి ఉంది. మగ్దలేనే మరియ ఆయన్నే చూసి తోటమాలి అనుకుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు కళ్లెదుట ఉన్నంతసేపూ గుర్తుపట్టలేదు, గుర్తుపట్టగానే ఆయన కనిపించకుండా పోయాడు. వాక్యమే అక్కడ బొమ్మ గీయకుండా చోటు వదిలింది. మనం ఆ చోట్లో తెల్లబట్ట, జెండా, గాలిలో తేలే పాదాలు వేసి నింపేస్తాం. అవి చూసినప్పుడల్లా నాకు బోర్డు పనే గుర్తొస్తుంది. ఖాళీ కనబడితే పార్టీ ఊరుకోడు, ఇంకో పువ్వు వెయ్యమంటాడు.

కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. బొమ్మ లేని బొమ్మ శుక్రవారానికి కాదు, శనివారం రాత్రికి.

లెక్కల టీచర్

ఈస్టర్ అయిపోయింది. మీ అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి సారీ చెప్పాను. టేప్ కొలిచి కట్టింది ఆ పిల్లా నేనూ కలిసే. స్టూలెక్కింది తను, టేపు కొలబద్ద పట్టుకున్నది నేను. గురువారం మామూలుగా గడిచింది. శుక్రవారం గ్రూనెవాల్డ్ ప్రింటు పెట్టాను. ఆ వేళ్లు చూసి ఒకావిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, ఆమె భర్తకి కీళ్ల జబ్బు. తర్వాత వచ్చి కూర్చుంది. వాక్యప్రియ గారూ, అది మీ ఖాతాలో.

శనివారం ఆ ప్రింటు తీసేసి ఎదురు గోడకి కుర్చీలు తిప్పాను. మా హాలు గోడ లేత క్రీమ్ రంగు. దాని మీద లేత పసుపు టేపు, లోపల ఏమీ లేదు. వివరించొద్దని ఎవరూ చెప్పకపోయినా నేను వివరించలేదు, ఎందుకంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మత్తయి నుంచి సమాధికి ముద్ర వేసిన వచనాలు చదివి కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు అందరూ సర్దుకోవడం, దగ్గడం. ఒకాయన టేపు వంకరగా ఉందని గుసగుసగా అన్నాడు. అర సెంటీమీటరు వంకర ఉన్న మాట నిజమే, నేనూ అదే చూస్తున్నాను.

పావుగంట అనుకున్నది ముప్పావు గంట అయింది. లేవమని నేను చెప్పలేదు, ఎవరూ లేవలేదు.

మాటల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఏమీ లేదన్నారు. ఇద్దరు నిద్రొచ్చింది అన్నారు, అదీ రాస్తున్నాను, దాచడమెందుకు. గుంపులో అందరికన్నా పెద్దాయన, నేను ఎవరి గురించి టెన్షన్ పడ్డానో ఆయనే, చివర్లో మాట్లాడాడు. "మా ఆవిడ మంచం తీసేశాక గోడ మీద దాని తలవైపు మచ్చ ఒకటి మిగిలింది. ఇంత వెడల్పు ఉండదు గానీ, ఇలాగే. రెండేళ్లయింది, అటు చూడకుండా పడుకుంటున్నాను. ఇవాళ ఇంటికెళ్లి చూస్తాను" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన భార్యతో నేను ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చుని పాడాను. ఆమె పోయాక ఆమె పేరు ఆయన నోటి వెంట వినడం అదే మొదలు, లేచేటప్పుడు పేరు పెట్టి తలుచుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున ఆరాధనకి బయల్దేరేముందు టేప్ పీకాను. మూడు వైపులా బాగానే వచ్చింది. నాలుగో వైపు, కుడి పక్క నిలువుది, జానెడు పొడవున గోడ రంగు కూడా ఊడొచ్చింది. లోపల తెల్లటి సున్నం కనిపిస్తోంది. అంచులు ఈకల్లా ఉన్నాయి. మావారు చూసి పుట్టీ పెట్టి రంగు వేయించాలి అన్నారు. ఇంకా వేయించలేదు. ఆ అమ్మాయి వచ్చినప్పుడల్లా ముందు దాని దగ్గరికే వెళ్తోంది.

బాబాయ్ గారూ, మాస్కింగ్ టేప్ గోడ మీద ఎంతసేపు ఉంచొచ్చు?

బ్రష్ బాబాయ్

ఎప్పుడు అంటించారు మేడమ్?

లెక్కల టీచర్

బుధవారం. ముందే కట్టేసి దుప్పటి కప్పి ఉంచాం.

బ్రష్ బాబాయ్

మామూలు టేప్ ఒక రోజు దాటితే గోడని పట్టేస్తుంది. నేనే ముందు చెప్పాల్సింది. పుట్టీకి తొందరేం లేదులెండి.